అడవికి ముందు ఆస్పత్రి

ట్రంకు పెట్టె అడుగున ఆ సఫారీ సూట్ ఇంకా ఉంది. బిస్కెట్ రంగు, నాలుగు జేబులు, నడుముకు బెల్టు. విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీర్‌గా చేరిన కొత్తలో, 1986లో, గుంటూరు బ్రాడీపేటలో కుట్టించుకున్నది. ఆ రోజుల్లో కాస్త హోదా ఉన్న ప్రతి ఉద్యోగీ సఫారీలోనే కనిపించేవాడు. ఆఫ్రికా ప్రయాణం ఖాయమైన రోజు ఆయన దాన్ని బయటికి తీసి భుజాల మీద ఆనించి చూసుకున్నారు. భార్య నవ్వు ఆపుకోలేకపోయారు. “ఇది వేసుకెళితే సింహాలు కూడా డీఈ గారొచ్చారని లేచి నిలబడతాయి” అన్నారామె.

స్వాహిలీలో సఫారీ అంటే ప్రయాణమే. అరబ్బీ నుంచి వెళ్లిన మాట. మనకు ఉర్దూ ద్వారా తెలిసిన ‘సఫర్’కు తోబుట్టువు. ఆ ప్రయాణం ఆఫ్రికాలో కాకుండా గుంటూరు, హైదరాబాద్ ఆస్పత్రుల్లో మొదలవుతుందని మాత్రం ఆ రోజు ఇద్దరికీ తెలియదు.

కోరిక ఆమెది. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సాంఘిక శాస్త్రం చెప్పారు. నల్లబల్ల మీద చూడకుండా ఆఫ్రికా పటం గీయగలరు. సవన్నా గడ్డిభూముల పాఠం వచ్చినప్పుడల్లా కెన్యా, టాంజానియాల మధ్య ఏటా తిరిగే వైల్డ్‌బీస్ట్ మందల గురించి పుస్తకంలో లేని ముచ్చట్లు కలిపి చెప్పేవారు. జూలై వచ్చేసరికి సెరెంగెటి నుంచి ఉత్తరానికి కదిలి, మొసళ్లున్న మారా నది దాటి, అక్టోబర్ దాకా మసాయి మారాలో మేసే మందలవి. పది లక్షలకు పైగా ఉంటాయని ఆమె పిల్లలకు చెప్పిన లెక్క. 2025లో ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టిన ఒక అధ్యయనం ఆరు లక్షల లోపేనంది. ఏదైనా ఆమెకు కావలసింది లెక్క కాదు, ఆ నది ఒడ్డు.

రిటైరైన మరుసటి ఏడాది, 2024 ఫిబ్రవరిలో, జూలై ప్రయాణానికి ఒక ట్రావెల్ ఏజెన్సీకి అడ్వాన్స్ కట్టారు. అప్పటికి ఆయనకు 66, ఆమెకు 59. ఏజెన్సీ చేతిలో పెట్టిన రెండు పేజీల జాబితాలో టోపీ, కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ లోషన్, టార్చిలైటు లాంటివన్నీ ఉన్నాయి. అసలు ఉండాల్సినది ఒక్కటి లేదు.

జాబితా సంగతి అలా ఉంచితే, ఆఫ్రికా అనగానే మనవాళ్లకు ఎండ గుర్తొస్తుంది. ఆయనా పల్చటి కాటన్ చొక్కాలు అరడజను కొన్నారు. నైరోబీ సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మసాయి మారా కూడా 1,500 మీటర్లకు అటూ ఇటూ. జూలైలో తెల్లవారుజామున పైకప్పు తెరిచిన జీపులో వెళుతుంటే చలికి పళ్లు కొట్టుకుంటాయి. జంతువులు బాగా కనిపించేదీ ఆ వేళలోనే. భూమధ్యరేఖ పక్కనే ఉన్నా ఎత్తును బట్టి చలి ఉంటుందన్న పాఠం చెప్పిన పంతులమ్మే ఇంట్లో ఉండగా చొక్కాలు కొనేశారాయన. ఆమె మళ్లీ బీరువాలోంచి స్వెట్టర్లు, మంకీ క్యాప్‌లు తీశారు.

సామాను దగ్గర ఇంకో చిక్కు. నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి మారాకు వెళ్లే చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, చేతి సంచితో కలిపి. అదీ గట్టి సూట్‌కేసు కాదు, ఒదిగే బట్ట సంచి అయితేనే విమానం పొట్టలో పడుతుంది. కూతురి పెళ్లికి కొన్న చక్రాల సూట్‌కేసు ఖాళీగానే ఐదు కిలోలు తూగింది. ఇక పొడులు, పచ్చళ్లు. కెన్యా 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్ని నిషేధించింది. 2020 జూన్ నుంచి జాతీయ పార్కుల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ తీసుకెళ్లకూడదు. ఆవకాయ సీసాకు మూడు పాలిథిన్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేయడం తప్ప వేరే పద్ధతి తెలియని ఇల్లది. బిగుతు మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలు, గుడ్డ సంచులు కొత్తగా కొన్నారు. నిజానికి అక్కడ అన్నానికి, చపాతీకి కరవేమీ లేదు. 1896లో మొదలైన ఉగాండా రైల్వే కోసం వెళ్లిన భారతీయ కూలీల కాలం నుంచీ, వారి వెనక వెళ్లిన వర్తకుల కాలం నుంచీ చపాతీ, సమోసా కెన్యా వంటలే అయిపోయాయి. ఆసియా మూలాల వారిని 2017లో ఆ దేశం తన 44వ తెగగా గుర్తించింది కూడా. అయినా ఆవకాయ లేకుండా కదలమంటే కుదరదు కదా.

వీసా గొడవ కూడా తేలిగ్గానే తేలింది. కెన్యా 2024 జనవరి నుంచి వీసా ఎత్తేసి, ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి పెట్టింది. ఆ దరఖాస్తుకు కూర్చున్న రోజే హైదరాబాద్‌లో ఉండే కూతురు ఫోన్‌లో అడిగింది: “నాన్నా, ఎల్లో ఫీవర్ టీకా ఎప్పుడు వేయించుకుంటున్నారు?”

ఎవరూ చెప్పలేదు. ఏజెన్సీని అడిగితే “కెన్యా వాళ్లు అడగరు సార్” అన్నారు. అది నిజమే. భారత్‌లో ఎల్లో ఫీవర్ లేదు కాబట్టి ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవారిని కెన్యా అడగదు. అడిగేది మన ప్రభుత్వం, తిరిగొచ్చినప్పుడు. ఆ జ్వరాన్ని మోసే ఏడిస్ దోమ మన ఊళ్లలో ఇంటింటా ఉంది. డెంగీని మోసేదీ అదే. దోమ ఉంది, జనమున్నారు, వైరస్ ఒక్కటే రాలేదు. అది రాకుండా చూడటానికే కెన్యా సహా ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని జాబితా దేశాల నుంచి టీకా సర్టిఫికెట్ లేకుండా దిగిన వారిని విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపుతారు. ఆరు రోజుల దాకా అక్కడే. టీకా వేయించుకున్నా పది రోజులు నిండితే కానీ సర్టిఫికెట్ చెల్లదు. 2023 ఏప్రిల్‌లో సూడాన్ అంతర్యుద్ధం నుంచి ‘ఆపరేషన్ కావేరి’లో తీసుకొచ్చిన వారిలోనే, టీకా లేదని వంద మందికి పైగా క్వారంటైన్‌లో ఉంచారు. యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడిన వాళ్లకే మినహాయింపు లేనప్పుడు సింహాల్ని చూసొచ్చిన వాళ్లకు ఎందుకుంటుంది?

ఈ టీకా వీధి చివరి క్లినిక్‌లో దొరకదు. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ లాంటివి. ఒక వయల్‌లో చాలా మందికి సరిపడా మందు ఉంటుంది. కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి కాబట్టి కేంద్రాలు నిర్ణీత రోజుల్లోనే, ముందే పేరు నమోదు చేసుకున్న వారికి వేస్తాయి. పాస్‌పోర్టు చూపాలి. 2016 జూలై నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధన మార్చింది. అంతకుముందు పదేళ్లకోసారి వేయించుకోవాల్సి వచ్చేది.

మే నెలలో ఇద్దరూ తెల్లవారుజాము రైలుకు బయల్దేరి హైదరాబాద్ వెళ్లారు. టీకా కేంద్రంలో ఆమెను రెండు ప్రశ్నలడిగి లోపలికి పంపారు. కోడిగుడ్డు పడకపోవడం ఉందా? ఈ టీకా మందును కోడిపిండాల్లో పెంచుతారు కాబట్టి ఆ ప్రశ్న. రెండోది, రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా అని. ఆమెకు రెండూ లేవు. ఇంజెక్షన్, ముద్ర, పసుపుపచ్చ పుస్తకం. పావుగంటలో అయిపోయింది.

ఆయన దగ్గర ప్రశ్నలు ఆగిపోయాయి. కీళ్లవాతానికి ఆరేళ్లుగా వారానికోసారి మాత్ర వేసుకుంటున్నారు. శరీరం తన మీద తానే దాడి చేయకుండా రోగనిరోధక శక్తిని అణచి ఉంచే మందు. ఎల్లో ఫీవర్ టీకాలో ఉండేది చచ్చిన వైరస్ కాదు, బలహీనం చేసిన బతికున్న వైరస్. ఆరోగ్యంగా ఉన్న శరీరం దాన్ని సులువుగా అదుపు చేస్తుంది. నిరోధక శక్తి తగ్గిన వారిలో టీకా వైరసే కాలేయం, మూత్రపిండాల మీదికి వెళ్లే ప్రమాదముంది. చాలా అరుదే, కానీ 60 దాటాక మొదటిసారి వేయించుకునే వారిలో ఆ ముప్పు మామూలు కంటే ఎక్కువ. కేంద్రంలోని డాక్టర్ మర్యాదగానే చెప్పారు: “మీ డాక్టర్ దగ్గర రాయించుకు రండి సార్, అప్పుడు చూద్దాం.”

గుంటూరు డాక్టర్ రాయలేదు. మాత్ర కొన్నాళ్లు ఆపి వేయించుకోవచ్చా అని అడిగారాయన. ఆపితే వేళ్లు మళ్లీ వంకర తిరుగుతాయని, అయినా వయసు ముప్పు అలాగే ఉంటుందని డాక్టర్ చెప్పారు. “పదేళ్ల కిందట అడిగుంటే ఆలోచించేవాణ్ని. ఇప్పుడు ఒక సరదా ప్రయాణం కోసం ఆ సూది వేయమని సంతకం పెట్టలేను.”

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. టీకా వద్దని డాక్టర్ రాసిచ్చిన కాగితంతో వెళ్లడం ఒక దారి. కానీ ఆ కాగితం ఉన్నంత మాత్రాన తిరిగొచ్చాక క్వారంటైన్ తప్పుతుందన్న భరోసా లేదు. “ఆరు రోజులేగా, ఓ పుస్తకం పట్టుకుని కూర్చుంటాను” అన్నారాయన. “కూర్చోవడం సరే. అక్కడ దోమ కుడితే?” అన్నారామె. కాసేపాగి ఆయన, “నువ్వూ అమ్మాయీ వెళ్లి రండి. నాకోసం ఆగితే మళ్లీ ఎప్పటికో” అన్నారు. ఆమె జవాబివ్వకుండా వంటింట్లోకి వెళ్లి, శుభ్రంగా ఉన్న గిన్నెల్నే మళ్లీ తోమారని కూతురు తర్వాత చెబుతూ నవ్వింది. ముప్పై ఏళ్ల కోరిక ఒక పక్క, ముప్పై ఏడేళ్ల కాపురం ఒక పక్క. ఏది తేల్చుకున్నా రెండోది నొచ్చుకుంటుంది.

రెండు రోజుల తర్వాత ఆమే అట్లాసు ముందేసుకుని కూర్చున్నారు. ఎల్లో ఫీవర్ జాబితాలో దక్షిణాఫ్రికా లేదు. అక్కడ క్రూగర్ నేషనల్ పార్క్ ఉంది. 1926లో ఏర్పడిన ఆ పార్కు విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. విడిపోకముందు అనంతపురం జిల్లా ఎంత ఉండేదో ఇంచుమించు అంత. ఏనుగు, సింహం, చిరుత, ఖడ్గమృగం, అడవి దున్న ఉన్నాయి. మందలు నది దాటే దృశ్యం మాత్రం లేదు. “వైల్డ్‌బీస్ట్‌లు ఉన్నాయిగా, చాలు” అన్నారామె. చాలదని ఇంట్లో అందరికీ తెలుసు. కెన్యా అడ్వాన్స్‌లో ఏజెన్సీ అరవై శాతమే వెనక్కిచ్చింది. రద్దు షరతులు ఒప్పందం వెనక పేజీలో ఉన్నాయి. డబ్బు కట్టక ముందు ఆ పేజీ చదివిన వారు ఆ ఇంట్లో లేరు. టీకా విషయం ముందే చెప్పాల్సిన బాధ్యత ఏజెన్సీది కాదా అంటే, ఔననే అనాలి. కానీ రోజూ మందులు వాడే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు డబ్బు కట్టడానికి ముందు వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికి. వాళ్లు ఆ వరుస తిరగేశారు, చాలా మంది చేసేదీ అదే.

ఈసారి వరుస మార్చారు. మొదట డాక్టర్. దోమల కాలం గురించి అడిగితే క్రూగర్‌లో మలేరియా ముప్పు ప్రధానంగా వానాకాలానిదని, అంటే అక్కడి లెక్కలో సెప్టెంబర్ చివరి నుంచి మే దాకా అని తేలింది. జూన్ నుంచి ఆగస్టు వరకు చలికాలం, వానలుండవు. ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. గడ్డి ఎండి, ఆకు రాలి, నీళ్లున్న చోటికే జంతువులు చేరతాయి కాబట్టి చూడటానికీ అదే మంచి కాలం. ఆగస్టు ఖాయం చేశారు. ఆయన వాడే మందులతో పొసిగే మలేరియా మాత్ర ఏదో డాక్టరే తేల్చి రాశారు. ఈ మాత్రల్లో కొన్నింటిని ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక వారం వేసుకుంటే చాలు. కొన్నింటిని నాలుగు వారాలు కొనసాగించాలి. ఇంటికి రాగానే ఆపేయడమే అందరూ చేసే పొరపాటు.

టికెట్ల దగ్గర ఇంకో మెలిక ఎదురైంది. చౌకగా కనిపించిన టికెట్లు అడిస్ అబాబా, నైరోబీల మీదుగా వెళ్లేవి. అవి జాబితా దేశాల్లోనివి. విమానాశ్రయం దాటి బయటికి వెళ్లకపోతే ఇబ్బంది లేదంటారు కానీ, విమానం తప్పిపోయి ఒక రాత్రి హోటల్లో పడుకోవాల్సి వస్తే మళ్లీ అదే ఆరు రోజుల కథ. ఎక్కువ డబ్బు పోసి దుబాయ్ మీదుగా కొన్నారు. పాస్‌పోర్టులో కనీసం రెండు ఖాళీ పేజీలుండాలని దక్షిణాఫ్రికా అడుగుతుంది, అదీ చూసుకున్నారు. ప్రయాణ బీమా దరఖాస్తులో “కీళ్లవాతం సంగతి రాయకపోతే ప్రీమియం తగ్గుతుందేమో” అని ఆయన నసిగారు. కూతురు పెన్ను లాక్కుంది. దాచిన జబ్బు బయటపడిన రోజు బీమా కంపెనీ చేసే మొదటి పని క్లెయిమ్ కొట్టేయడమే.

క్రూగర్‌లో ఒక సౌలభ్యం ఉంది. సొంతంగా కారు నడుపుకుంటూ తిరగొచ్చు. మనలాగే ఎడమ వైపు ప్రయాణం. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. కూతురు రవాణా శాఖ ఆఫీసు నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంది. పార్కు లోపలి కాటేజీలకు పదకొండు నెలల ముందే బుకింగ్ మొదలవుతుంది. వీళ్లు మూడు నెలల ముందు వెతకడంతో స్కుకుజా, లోయర్ సాబీ శిబిరాల్లో ఎవరో రద్దు చేసుకున్నవే దొరికాయి. వాటిలో పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు ఉంటాయి. రైస్ కుక్కర్ పట్టుకెళ్లాలా వద్దా అన్న దాని మీద మాత్రం పెద్ద చర్చే జరిగింది. తీసుకెళ్లారు. అక్కడి గోడల్లో ఉండేది మూడు లావు గుండ్రటి పుల్లల సాకెట్. మన ఇళ్లలో గీజర్‌కు వాడే 15 ఆంప్స్ ప్లగ్ అందులో సరిగ్గా పడుతుంది. ఈ ఒక్క విషయంలో విద్యుత్ శాఖ ఇంజనీర్ మాటే నెగ్గింది. గాంధీనగర్ షాపులో రెండు కన్వర్టర్లు కొని జేబులో వేసుకున్నారాయన.

బైనాక్యులర్ విషయంలో మాత్రం ఓడిపోయారు. ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచిదని 20 రెట్లు పెద్దది చేసి చూపేది కొన్నారు. కీళ్లవాతం ఉన్న చేతుల్లో అది క్షణం కుదురుగా నిలబడదు. చెట్టు మీది పక్షి బదులు భూకంపం కనిపిస్తుంది. 8×42 అని రాసి ఉన్నదాన్ని తెచ్చాక ఇంటి డాబా మీంచి కొబ్బరిచెట్టు చిలకలు స్పష్టంగా కనిపించాయి. మొదటి అంకె ఎన్ని రెట్లో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. మసక వెలుగులో పనికొచ్చేది ఆ రెండో అంకే. బట్టల రంగు గురించి ప్రయాణ పుస్తకాలు చేసే హడావుడి మాత్రం కారులో కూర్చునేవారికి అంతగా అక్కర్లేదు. తెల్లవి దుమ్ముకు ఆగవు, అంతే. సైనికుల మచ్చల బట్టల్లాంటివి మాత్రం ఆఫ్రికాకు వద్దు; ఉగాండా, జింబాబ్వేల్లో అవి మామూలు పౌరులు వేసుకుంటే నేరం.

ఎవరూ రాయని విషయం ఇంకొకటుంది. అడవిలో నిర్ణీత స్థలాల్లో తప్ప కారు దిగకూడదు. బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు కూడా ఉన్న మనిషికి మూడు గంటల పాటు అది చిన్న సమస్య కాదు. ఆ మాత్రను మధ్యాహ్నానికి మార్చవచ్చా అని డాక్టర్‌ను అడిగి మార్చుకున్నారు. కూతురు మ్యాప్ మీద మరుగుదొడ్లున్న పిక్నిక్ స్థలాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది. వారం రోజుల్లో అందరికంటే ఎక్కువగా ఆ మ్యాప్‌ను చూసింది ఆయనే. మందులన్నీ అసలు స్ట్రిప్పుల్లోనే, మందు అసలు పేరుతో రాయించిన చీటీతో చేతి సంచిలోనే పెట్టుకున్నారు. జోహన్నెస్‌బర్గ్‌లో ఒక పెట్టె ఒకరోజు ఆలస్యంగా చేరింది. అందులో ఉన్నది ఆవకాయ, రైస్ కుక్కర్ మాత్రమే కావడం అదృష్టం. కాకపోతే ఆ ఒక్క రోజుకు ఆయన ముఖం చూడాల్సిందేనని కూతురు అంటుంది.

ఆగస్టులో ఉదయం ఆరింటికి శిబిరం గేటు తెరుస్తారు. అప్పటికే కార్లు బారులు తీరి ఉంటాయి. మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లతో ముందు సీట్లో ఆయన, వెనక కిటికీ దగ్గర ఆమె. సన్‌స్క్రీన్ ముందు రాసుకుని, అది ఆరాక దాని మీద దోమల మందు రాసుకోవాలన్న వరుస ఆమె రోజూ ఇద్దరికీ గుర్తు చేసేవారు. మూడో రోజు లోయర్ సాబీ దారిలో వైల్డ్‌బీస్ట్‌లు రోడ్డు దాటాయి. కూతురు ఇంజన్ ఆపింది. ఒకదాని వెనక ఒకటి, ధూళి లేపుకుంటూ, ఎవరినీ పట్టించుకోకుండా. “నలభై మూడు” అన్నారాయన, చివరిది వెళ్లాక. ఆమె ఏమీ అనలేదు. బైనాక్యులర్ దించకుండా ఎండు గడ్డిలోకి చాలాసేపు చూస్తూ ఉన్నారు.

తిరిగొచ్చిన మూడో వారంలో ఆయనకు జ్వరం వచ్చింది. మామూలు రోజుల్లో అయితే పారాసిటమాల్ వేసుకుని పడుకునేవారు. ఆఫ్రికా వెళ్లొచ్చిన మూడు నెలల్లోపు జ్వరం వస్తే, అది జలుబే అయినా, ఎక్కడికి వెళ్లొచ్చిందీ డాక్టర్‌కు చెప్పి ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలని బయల్దేరే ముందే డాక్టర్ గట్టిగా చెప్పారు. అక్కడి మలేరియా రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చే రకం. రాత్రి తొమ్మిదింటికి ఆమే ఆటో పిలిచి తీసుకెళ్లారు. రిపోర్టు వచ్చేదాకా ల్యాబ్ బెంచీ మీద ఇద్దరూ మాట్లాడుకోలేదు. మలేరియా కాదు. గుంటూరు వైరల్ జ్వరమే.

పాస్‌పోర్టులు మళ్లీ బీరువాలో పెడుతుండగా ఆమె పాస్‌పోర్టులోంచి ఆ పసుపుపచ్చ పుస్తకం జారి కింద పడింది. ఒక్కసారీ ఎవరికీ చూపించనక్కర్లేకపోయిన పుస్తకం. ఆయన తీసి అద్దాలు సర్దుకుని చదివారు. “జీవితాంతం చెల్లుతుందట. వచ్చే జూలైకి అమ్మాయితో వెళ్లు” అన్నారు. ఆమె దాన్ని తీసుకుని పాస్‌పోర్టులో పెట్టి బీరువా తలుపు వేశారు. తాళం మాత్రం వేయలేదు.